తోలుపట్టా

టుఫా అని ఎవరూ పిలవరు అతన్ని.
మోజో స్టేషన్ ముందు బండ్ల వరసలో
అతను అబ్బా దామా. దామా తండ్రి.
దామా అంటే గుర్రం, బెల్లం రంగుది.

వెనకటికి ఆ నేల మీద
యుద్ధాలకెళ్ళిన మగవాళ్ళని గుర్రం పేరుతో పిలిచేవారట.
ఇతనికి సగం వేళాకోళంగా వచ్చింది.
సిమెంటు బస్తాలు, పెళ్ళికూతుళ్ళు, జ్వరం పిల్లలు
మోసి మోసి
మిగతా సగం సంపాదించుకున్నాడు.

అబ్బా అంటే అక్కడ తండ్రి.
మనకి, దెబ్బ తగిలినప్పుడు వచ్చే మాట.
రెండర్థాలూ వింటూ
ఏడాదిన్నర ఎక్కాను అతని బండి.

తోలుపట్టా సంతలో కొన్నాడు.
కొత్తది నాలుగువందలు. పాతది ఎనభై.
లోపలి గోనెగుడ్డకి
ఇంకో గుర్రం చెమట, వెంట్రుకలు, ఎండిన మరకేదో.
ఎవరిదని అడగలేదు.
ఎనభై బిర్రులవాడు ఏమని అడుగుతాడు?

ముందు రొమ్ము మీద ఒరుపు.
దాని మీద ఈగలు.
తర్వాత శనగగింజంత గడ్డ,
దాని కింద ఇంకోటి, ఇంకోటి,
ముంగాలి లోపలివైపు చర్మం కింద
ఎవరో పూసలు గుచ్చుకుంటూ పోయినట్టు.
కూతురు లెలిసే రాత్రిపూట దీపం పట్టుకుని లెక్కపెట్టేది.
పదకొండు దగ్గర ఆపేసింది.
మిగతావి పగిలాయి.

పశువుల డాక్టరు చూసి, బూజు అన్నాడు.
రొట్టె మీద పట్టేదానికి దూరపు చుట్టం.
"దూరమేముంది," అంది అయ్యాంతు, అతని భార్య,
"రొట్టెకే పట్టింది."

మందు లేక కాదు. అయొడిన్ ఉంది, అడిస్‌లో.
నెలల తరబడి వాడాలి, వాడినా చెప్పలేం.
చీటీ ముందే పాడుకుని ఒక సీసా తెచ్చాడు,
డికాషన్ రంగులో, అరచేతిలో ఇమిడేది.
అదీ అయిపోయాక
మేనమామ ఎర్రగా కాల్చిన కొడవలి పట్టుకొచ్చాడు.
దామా బుద్ధిగా కాలెత్తి ఇచ్చింది,
నాడా కొట్టడానికనుకుని.

జనం ఒక్క మాటా అనలేదు.
శాలువా కొస ముక్కుకి అడ్డం పెట్టుకుని
పక్క బండి ఎక్కారు.
పక్క బండివాళ్ళు నీళ్ళతొట్టి దగ్గరికి రానివ్వలేదు.
నేనూ, ఒక వానపొద్దున,
చూడనట్టు చూసి
నీలం బజాజ్ ఎక్కాను.
వెనకద్దంలో అతను చెయ్యెత్తాడు.
నాకే.

లెలిసే ఇప్పుడు బడివేళకి
తోళ్ళ ఫ్యాక్టరీ గేటు ముందు వేయించిన బార్లీ అమ్ముతోంది.

నడవలేని గుర్రాన్ని ఊరి బయట వదిలేస్తారు.
అందరూ వదిలేస్తారు, తిట్టడం తేలిక.
తవుడు కొనాలా, పిల్లకి పిండి కొనాలా?
మిగిలింది దుమ్ములగొండ్లు చూసుకుంటాయి.
కళ్ళెం విప్పి, వెనక్కి తిరక్కుండా వచ్చేశాడంటారు.
అబద్ధం.
తెల్లారేదాకా కల్వర్టు మీదే కూర్చున్నాడట.
ఏం విన్నాడో లెలిసేకి కూడా చెప్పలేదు.

మూడోరోజు ఒక కుర్రాడొచ్చాడు.
కొత్తగా గుర్రాన్ని కొన్నాడు, పేరింకా పెట్టలేదు.
"ఆ పట్టా ఎలాగూ ఖాళీగా ఉంది కదా,
నూటయాభై ఇస్తాను."
అయ్యాంతు వేళ్ళు లెక్క కట్టేశాయి:
నాలుగు రోజుల పిండి, కాస్త నూనె.

టుఫా దాన్ని తీసి పొయ్యిలో పెట్టాడు.
తోలు ఒక పట్టాన అంటుకోదు.
గోనె ముందు కాలింది, తర్వాత దారాలు,
తర్వాత చాలాసేపు వాసన.
కుర్రాడు పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి వెళ్ళిపోయాడు.
లోపల గిన్నె గోడకి తగిలిన చప్పుడు.

నిన్న స్టేషన్లో ఎవరో
"అబ్బా దామా!" అని కేకేస్తే
అతనికంటే ముందు నేను తిరిగాను.
వీపున బస్తా, దాని మీద ఇంకో బస్తా,
తాడు ఒరుసుకున్న చోట మెడ ఎర్రగా.
అక్కడో ఈగ వాలింది.

తోలుకుందామంటే
చెయ్యి ఖాళీ లేదు అతనికి.